తుపాకీ పేలకముందు చేతులు చూడండి: వెస్టర్న్ సినిమాలపై మీ ప్రశ్నలు, నా జవాబులు

మీకు నచ్చిన వెస్టర్న్ సినిమా గురించి, అంటే మనం వాడుకలో కౌబాయ్ సినిమా అనేదాని గురించి, రాయమని గత సంచికలో అడిగాను. ఉత్తరాలు బాగా వచ్చాయి. కొందరు తమ అభిమాన చిత్రాల పేర్లు పంపారు, కొందరు నా అభిప్రాయాలతో తగవు పెట్టుకున్నారు. తగవు పెట్టుకున్నవారికే ముందు జవాబు.

ప్రశ్న: ‘హై నూన్’ చాలా గొప్ప సినిమా అని మీరు రాస్తే వెతికి చూశాను. గంటసేపు ఒక మనిషి ఇంటింటి తలుపూ తడుతూ తిరుగుతాడు. ఎవరూ సాయం రారు. చివర కాసేపు కాల్పులు. ఇందులో అంత గొప్పతనం ఏముందండీ? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: మీరు చెప్పిన కథలో తప్పేమీ లేదు. అయితే ఆ కథ ఎంతసేపు జరుగుతుందో గమనించారా? ఫ్రెడ్ జినెమాన్ 1952లో తీసిన ఈ చిత్రం నిడివి దాదాపు గంటా ఇరవై అయిదు నిమిషాలు. తెరమీద కథ కూడా ఇంచుమించు అంతసేపే నడుస్తుంది. మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకి ఫ్రాంక్ మిల్లర్ అనే హంతకుడు దిగబోతున్నాడు. అతణ్ణి జైలుకి పంపిన మార్షల్ (ఊరి పోలీసు అధికారి) విల్ కేన్ ఆ ఉదయమే పెళ్లి చేసుకుని, ఉద్యోగం వదిలేసి, ఊరు దాటబోయి వెనక్కి తిరిగాడు. ఇక ప్రతి గోడమీదా గడియారమే. కేన్‌కి మిగిలిన నిమిషాలూ మన చేతి గడియారంలోని నిమిషాలూ ఒక్కటే.

బతుకంతా ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చున్నవాణ్ణి కనుక, మీకు ఒక్క చోటు చూపిస్తాను. పన్నెండు కావస్తోంది. కేన్ బల్ల ముందు కూర్చుని వీలునామా రాస్తున్నాడు. గడియారం లోలకం ఊగుతోంది. ఆ ఊపు లయకి దృశ్యాలు మారడం మొదలవుతుంది. చర్చిలో తలలు దించుకున్నవాళ్లు, బారులో మాటలు ఆగిపోయినవాళ్లు, స్టేషన్లో పట్టాల వంక చూస్తున్న ముగ్గురు దుండగులు, ‘నిన్ను చంపడానికి తిరిగొస్తాను’ అని మిల్లర్ ఒకనాడు ప్రతిజ్ఞ చేసిన ఖాళీ కుర్చీ. మనకి తెలిసిన ముఖాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి దగ్గరగా వస్తాయి. ఒక్క మాట ఉండదు. రైలు కూతతో అదంతా పుటుక్కున తెగిపోతుంది. ఆ కూర్పుకి ఎల్మో విలియమ్స్, హ్యారీ గెర్స్టాడ్‌లకు ఆస్కార్ వచ్చింది. సినిమా కూర్పు నేర్చుకుంటామని నా దగ్గరకొచ్చిన కుర్రవాళ్లందరికీ నేను మొదట వేసి చూపించింది ఆ ముక్కే.

మీకు విసుగు తెప్పించిన ఆ తలుపుల దగ్గరకి మళ్లీ వెళ్లండి. ఒక్కో తలుపు వెనక ఒక్కో రకం భయం ఉంది. ఒక స్నేహితుడు లోపల దాక్కుని, ఇంట్లో లేడని భార్య చేత చెప్పిస్తాడు. న్యాయమూర్తి గోడమీది జెండా, త్రాసు తీసి సంచిలో సర్దుకుని వెళ్లిపోతాడు. కేన్ తండ్రిలా చూసుకునే పాత మార్షల్, కీళ్లు బిగుసుకుపోయిన తన వేళ్లు చూపించి, ఈ చేతులతో నీకేం సాయం చేయగలనంటాడు. నిజంగా తోడొస్తానని పట్టుబట్టింది ఒంటికన్ను తాగుబోతు, ఇంకా మీసం రాని ఒక కుర్రవాడు. అప్పుడు కెమెరా క్రేను మీద పైకి లేస్తుంది. ఖాళీ వీధి, మధ్యలో కేన్‌గా నటించిన గ్యారీ కూపర్ ఒక్కడు. ఛాయాగ్రాహకుడు ఫ్లాయిడ్ క్రాస్బీ ఆకాశాన్ని అందంగా చూపించడానికి ఒప్పుకోలేదు. తెల్లగా, ఎండిపోయినట్టు వదిలేశాడు. ఆ వెలుతురులో యాభై ఏళ్ల కూపర్ ముఖంమీద ప్రతి ముడతా కనిపిస్తుంది. అప్పట్లో కూపర్ ఆరోగ్యం నిజంగానే బాగాలేదు. ఆ అలసటలో కొంత నటన కాదు.

ఇంకో సంగతి. ఈ చిత్ర రచయిత కార్ల్ ఫోర్‌మన్‌ని, సినిమా తయారవుతున్న 1951లోనే, కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న అమెరికన్ కాంగ్రెస్ కమిటీ పిలిపించింది. పేర్లు చెప్పనన్నందుకు హాలీవుడ్ ఆయనను దూరం పెట్టింది. ఆయన ఇంగ్లండు వెళ్లిపోయారు. స్నేహితులు ఒక్కొక్కరే తలుపులు మూసుకోవడం ఆయన ఊహించి రాసింది కాదు. ఇది తెలిశాక మరోసారి చూడండి. అప్పటికీ విసుగనిపిస్తే నాకు మళ్లీ రాయండి, ఇంకా వాదిద్దాం.

ప్రశ్న: ‘రియో బ్రావో’ని ‘హై నూన్’కి జవాబుగా తీశారని విన్నాను. నిజమేనా? రెండింటిలో మీ ఓటు దేనికి? (విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: నిజమే. దర్శకుడు హోవార్డ్ హాక్స్ ఆ మాట స్వయంగా చెప్పారు. షెరీఫ్ అనేవాడు ఊరంతా తిరిగి సాయం అడుక్కోవడం ఆయనకు నచ్చలేదు. ‘రియో బ్రావో’లో షెరీఫ్‌గా వేసిన జాన్ వేన్‌కి కూడా ‘హై నూన్’ అంటే గిట్టేది కాదు. అయినా కూపర్‌కి ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చినప్పుడు, ఆయన సభకు రాలేకపోతే, ఆయన తరఫున వేదికెక్కి అందుకున్నది వేన్ గారే!

1959లో వచ్చిన ‘రియో బ్రావో’లో షెరీఫ్ ఎవరినీ పిలవడు. వచ్చిన సాయాన్ని వద్దంటాడు కూడా. అయినా అతని చుట్టూ ముగ్గురు చేరతారు. కుంటికాలి ముసలాయన, ఒక కుర్రవాడు, తాగి తాగి చేతులు వణికే డ్యూడ్. డ్యూడ్‌గా డీన్ మార్టిన్ చేశాడు. మొదటి దృశ్యంలో సంభాషణ లేదు. డ్యూడ్ బారు వెనక తలుపులోంచి వస్తాడు. తాగడానికి డబ్బులేదు. ఒకడు నవ్వుతూ వెండి డాలరు తీసి ఉమ్మితొట్టిలోకి విసురుతాడు. డ్యూడ్ వంగి అందులో చెయ్యి పెట్టబోతాడు. అంతలో ఎవరిదో కాలు ఆ తొట్టిని తన్నేస్తుంది. తల ఎత్తితే షెరీఫ్. ఆ మనిషి ఎంత దిగజారాడో, అతని మీద ఈ షెరీఫ్‌కి ఎంత ఆపేక్షో ఒక్క మాట లేకుండా తెలిసిపోయింది.

తర్వాత చాలాసేపటికి, డ్యూడ్ ఇక తనవల్ల కాదని ఓడిపోయి గ్లాసులో విస్కీ పోసుకుంటాడు. బయట శత్రువులు పెట్టించిన బాకా పాట మోగుతోంది. ఎవరినీ ప్రాణాలతో వదలబోమని చెప్పే పాట అది. వింటూ వింటూ అతను గ్లాసు ఎత్తి, విస్కీని తిరిగి సీసాలోకి ఒంపేస్తాడు. ఒక్క చుక్క కింద పడదు. అంతకుముందు సిగరెట్టు చుట్టుకోవడానికి కూడా లొంగని చేతులు అవి. మనిషి మారాడని చెప్పడానికి ఇంతకంటే మంచి దృశ్యం నేను ఏ సినిమాలోనూ చూడలేదు.

నా ఓటు ‘రియో బ్రావో’కే. ‘హై నూన్’ను గౌరవిస్తాను. ‘రియో బ్రావో’లోని మనుషుల దగ్గరకి పదేపదే వెళ్లాలనిపిస్తుంది. సినిమా మధ్యలో కథను పక్కనపెట్టి జైలు గదిలో ఆ ముగ్గురూ పాటలు పాడుకుంటారు, షెరీఫ్ వింటూ ఉంటాడు. ఏ ఎడిటరైనా కత్తిరించాలనుకునే దృశ్యం. కత్తిరిస్తే ఆ సినిమాయే ఉండదు.

ప్రశ్న: ఒకే ఒక్క వెస్టర్న్‌ని ఎంచుకోమంటే? కారణం కూడా చెప్పాలి. (బ్యాంకు ఉద్యోగిని)

జవాబు: ‘ది సెర్చర్స్’. జాన్ ఫోర్డ్ దర్శకుడు, 1956. కారణం ఒక కోటు.

ఈథన్ ఎడ్వర్డ్స్ అనే సైనికుడు అంతర్యుద్ధం ముగిసిన మూడేళ్లకి టెక్సాస్‌లో ఉన్న అన్న ఇంటికి వస్తాడు. అన్న భార్య మార్తా. మర్నాడు పొద్దున్నే పశువుల దొంగల వేటకి మనుషులు బయలుదేరుతున్నారు. వార్డ్ బాండ్ వేసిన పాత్ర ఒకటుంది. పాదరీయే, రేంజర్ల కెప్టెనూ అతనే. అతను నిలబడి కాఫీ తాగుతున్నాడు. లోపలి గదిలో మార్తా కనిపిస్తుంది. ఈథన్ కోటు తీసి, చేతిమీద పరుచుకుని, అరచేత్తో మెల్లగా నిమురుతుంది. ఎవరూ చూడటం లేదనుకుంటోంది. పాదరీ కంట పడింది. అతను ఏం చేస్తాడో చూడండి. చూపు తిప్పేసుకుని, కాఫీ తాగుతూ, ఎదురుగా శూన్యంలోకి చూస్తూ నిలబడతాడు. వెనకాల ఈథన్ వచ్చి కోటు అందుకుని, వదిన నుదుటి మీద ముద్దుపెట్టి వెళ్లిపోతాడు. పాదరీ కళ్లు కదలవు.

ఆ ఇద్దరి మధ్యా ఏముందో సినిమా మొత్తంలో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. అన్నకి తెలుసా, తెలియదా, అదీ చెప్పరు. కొద్దిసేపటికే కొమాంచీ అనే ఆదిమ తెగవాళ్లు ఆ ఇంటిని తగలబెట్టి, మార్తాను చంపి, చిన్నకూతురు డెబ్బీని ఎత్తుకుపోతారు. ఏళ్ల తరబడి వెతుకులాట అక్కణ్ణుంచి మొదలు. ఆ కోటు దృశ్యం తీసేస్తే ఈథన్ కేవలం పగబట్టిన మనిషి. అది ఉంది కనుక అతని పగ వెనక ఏముందో మనకి తెలుసు, అది అతనూ చెప్పుకోలేడని తెలుసు.

ఈథన్‌ని ఫోర్డ్ మంచివాడిగా చూపించలేదు. కొమాంచీల మీద అతనికున్న ద్వేషం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. చనిపోయిన కొమాంచీ కళ్లను తుపాకీతో కాలుస్తాడు. కళ్లు లేకపోతే పరలోకం చేరలేడని ఆ తెగ నమ్మకం కనుక, చచ్చినవాడిని కూడా వదలడు. వెతికేది డెబ్బీని ఇంటికి తీసుకురావడానికి కాదు, వాళ్లలో కలిసిపోయిన ఆ పిల్లను చంపడానికని సగం సినిమా దాటేసరికి మనకి అర్థమవుతుంది. ప్రేక్షకులు ప్రేమించే జాన్ వేన్‌కి ఆ పాత్ర ఇచ్చారు ఫోర్డ్. వేన్ వెనకాడకుండా చేశాడు. చివరికి ఆమె దొరికినప్పుడు, పారిపోతున్నదాన్ని పట్టుకుని రెండు చేతులతో పైకి ఎత్తుతాడు. మొదట్లో అన్న ఇంటికొచ్చిన రాత్రి చిన్నారి డెబ్బీని ఎత్తింది కూడా సరిగ్గా అలాగే. చంపడానికి చాచిన చేతులకి ఆ బరువు గుర్తొచ్చిందని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. ‘ఇంటికి పోదాం’ అంటాడు, అంతే.

చివరి షాటు గురించి చాలామంది రాశారు, నేను కొద్దిగానే రాస్తాను. అందరూ ఇంట్లోకి వెళ్లిపోయాక గుమ్మం బయట ఈథన్ మిగిలిపోతాడు. ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుంటాడు. అది అప్పటికే గతించిన నటుడు హ్యారీ కేరీ అలవాటు. మూకీల కాలంలో ఫోర్డ్ తీసిన వెస్టర్న్‌లలో కథానాయకుడు ఆయన. అప్పుడే గుమ్మం దాటి లోపలికి వెళ్లిన, పొరుగింటి జోర్గన్‌సన్ భార్య పాత్రధారిణి ఒలీవ్, హ్యారీ కేరీ సతీమణి. ఆయన కొడుకు కూడా ఈ సినిమాలో నటించాడు. వేన్ ఆ చేయి పట్టుకున్నది వాళ్ల కోసం.

ప్రశ్న: జాన్ వేన్ గొప్పా, క్లింట్ ఈస్ట్‌వుడ్ గొప్పా? ఇంట్లో పందెం వేసుకున్నాం, తేల్చండి. (ఇద్దరు అన్నదమ్ములు)

జవాబు: నటుడిగా వేన్. ఒక్క నటన కాక దర్శకత్వాన్నీ కలిపి చూస్తే ఈస్ట్‌వుడ్. ‘స్టేజ్‌కోచ్’లో, అంటే 1939లో, వేన్ మొదటిసారి కనిపించే షాటు చూడండి. అతను ఒంటిచేత్తో రైఫిల్ గిరుక్కున తిప్పుతాడు, కెమెరా దూసుకుంటూ ముఖం దగ్గరకి వెళుతుంది, మధ్యలో ఒక్క క్షణం ఫోకస్ కూడా తప్పుతుంది. ఫోర్డ్ ఆ షాటును అలాగే ఉంచారు. అంతకుముందు దాదాపు పదేళ్లు చవకబారు సినిమాల్లో మగ్గిన నటుడు ఆ ఒక్క షాటుతో తారగా మారాడు.

ప్రశ్న: ఇటలీవాళ్ల కౌబాయ్ సినిమాల సంగీతం వింటే ఇప్పటికీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. సినిమాకంటే సంగీతమే గొప్పదంటే ఒప్పుకుంటారా? (ఒక వయొలిన్ విద్వాంసురాలు)

జవాబు: ఒప్పుకోనమ్మా. దర్శకుడు సెర్జియో లియోనె, సంగీతకారుడు ఎన్నియో మొరికోనె ఇద్దరినీ విడదీయలేం. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ (1968) కి మొరికోనె ముందే బాణీలు కట్టి రికార్డు చేస్తే, లియోనె వాటిని షూటింగులో వినిపిస్తూ నటుల చేత నటింపజేశారు. క్లాడియా కార్డినాలె రైలు దిగి, తనకోసం ఎవరూ రాలేదని గ్రహించి, స్టేషను గదిలోకి వెళుతుంది. కెమెరా కిటికీలోంచి ఆమెను చూసి, గోడ వెంట పైకి పాకి, కప్పు దాటుతుంది. అవతల కొత్తగా పుట్టుకొస్తున్న ఊరు. ఎడ్డా డెల్ ఒర్సో గొంతు, కింద తంత్రీవాద్యాలు, కెమెరా మూడూ ఒకేసారి పైకి లేస్తాయి. మీరు వాద్యకళాకారిణి కదా, కమాను ఎక్కడ నిండుగా సాగాలో మీకు తెలుసు. ఆ క్రేను నడిపినవాడికి అదే తెలిసింది.

అదే సినిమా ఆరంభంలో సంగీతం అసలు లేదు. ముగ్గురు హంతకులు స్టేషన్లో రైలు కోసం కాచుకుని ఉంటారు. నూనె లేని గాలిమర కిర్రుమంటూ తిరుగుతోంది. ఒకడు వేళ్లు విరుచుకుంటున్నాడు. వుడీ స్ట్రోడ్ టోపీ మీద పైనుంచి నీటిచుక్కలు పడుతున్నాయి. అతను కదలడు, చివర టోపీ తీసి అందులో చేరిన నీళ్లు తాగేస్తాడు. జాక్ ఎలామ్ ముఖంమీద ఈగ వాలుతుంది. దాన్ని చివరికి తుపాకీ గొట్టంలో బంధించి, చెవి దగ్గర పెట్టుకుని దాని రొద వింటూ కూర్చుంటాడు. ఇలా నిమిషాల కొద్దీ. ఆ శబ్దాలన్నిటినీ ఎంత శ్రద్ధగా పేర్చారో, వాటికి స్వరకల్పన అనే పేరే తగినది. రైలు వచ్చి వెళ్లిపోయాక, అవతలి వైపునుంచి మౌత్ ఆర్గాన్ వినిపించినప్పుడు మొదటి స్వరానికే మన వీపు నిటారవుతుంది.

హెన్రీ ఫోండా సంగతీ చెప్పాలి. దశాబ్దాలుగా సజ్జనుడి పాత్రలకి పెట్టింది పేరు. ఇందులో క్రూరుడి వేషం కనుక, మీసం పెంచి, నల్లటి కాంటాక్టు లెన్సులు పెట్టుకుని వచ్చాడట. లియోనె రెండూ తీయించేశారు. ఆయనకి కావలసింది ఆ నీలికళ్లే. ఒక కుటుంబాన్ని కాల్చి చంపిన నాయకుడి వెనకనుంచి కెమెరా చుట్టూ తిరిగి ముఖం చూపించేసరికి, ఆ కళ్లు ఎదుట ఉన్న పసివాణ్ణి చూస్తున్నాయి. 1968లో థియేటర్లో కూర్చున్నవారి గుండె ఎలా జారి ఉంటుందో ఊహించండి.

‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) పతాక సన్నివేశంలోని శ్మశానం నిజమైనది కాదు. అమెరికాలోదీ కాదు. స్పెయిన్‌లోని బుర్గోస్ ప్రాంతంలో స్పెయిన్ సైనికుల చేత కొన్ని వేల ఉత్తుత్తి సమాధులు తవ్వించారు. అదే సినిమాలో వంతెన పేల్చే దృశ్యానికి ఇంకో కథ ఉంది. సంకేతం తప్పుగా అందడంతో కెమెరాలు తిరగకముందే వంతెన పేలిపోయింది. సైన్యమే మళ్లీ కట్టింది, మళ్లీ పేల్చారు. శ్మశానం మాత్రం సినిమా తర్వాత గడ్డి కింద కప్పబడిపోయింది. 2015 నుంచి అభిమానులు పలుగులూ పారలూ పట్టుకుని వచ్చి, మట్టి తవ్వి, నడుమనున్న ఆ రాతి వలయాన్ని బయటికి తీశారు. ముగ్గురూ ఎదురెదురుగా నిలబడ్డ చోటు అది. సంగీతం ఒక్కటే గొప్పదైతే ఇంట్లో రికార్డు పెట్టుకుని వినేవారు, అంత దూరం పోయి మట్టి తవ్వేవారు కాదు.

ప్రశ్న: వీధి మధ్య ఎదురెదురుగా నిలబడి, ఎవరు ముందు తీస్తే వారిదే గెలుపు అన్నట్టు నిజంగా కాల్చుకునేవారా? (న్యాయవాది)

జవాబు: చాలా అరుదు. బాగా ఆధారాలున్నది 1865 జూలై 21న మిస్సోరిలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగింది. వైల్డ్ బిల్ హికాక్, డేవిస్ టట్ దాదాపు 75 గజాల దూరంలో నిలబడి చెరొక గుండూ పేల్చుకున్నారు. టట్ చనిపోయాడు. తగాదా ఒక జేబు గడియారం గురించి. జూదం బాకీ కింద హికాక్ గడియారాన్ని టట్ తీసుకుని, వద్దన్నా అందరి ముందూ పెట్టుకుని తిరిగాడు. హికాక్ మీద కేసు నడిచింది, జ్యూరీ నిర్దోషి అంది.

అన్నిటికంటే ఎక్కువసార్లు తెరకెక్కిన పోరాటం 1881 అక్టోబరు 26న అరిజోనాలోని టూంబ్‌స్టోన్‌లో జరిగింది. ఓకే కొరాల్ అనే గుర్రాలశాల పేరుమీద ప్రసిద్ధమైంది గానీ, కాల్పులు జరిగింది దాని లోపల కాదు, దగ్గర్లో ఒక ఫోటోస్టూడియో పక్కనున్న ఖాళీ స్థలంలో. చేయి చాస్తే తగిలేటంత దగ్గర్లో నిలబడి కాల్చుకున్నారు. దాదాపు 30 సెకన్లలో అయిపోయింది, ముగ్గురు పోయారు. అసలు గొడవ మీకు ఆసక్తి కలిగిస్తుంది: ఊళ్లో ఆయుధాలు పట్టుకు తిరగకూడదన్న నిబంధన అమలు చేయబోయారు. డాడ్జ్ సిటీ లాంటి పశువుల సంతల ఊళ్లలో కూడా అలాంటి నిబంధనలే ఉండేవి. సినిమాలో ప్రతివాడి నడుముకీ వేలాడే తుపాకీని ఊళ్లోకి రాగానే అప్పగించాల్సి వచ్చేది.

ప్రశ్న: ఆదిమ అమెరికన్లను కేకలు వేస్తూ వచ్చి చచ్చే గుంపులుగా చూపించిన సినిమాలను మీరు ఇంతగా ఎలా ప్రేమించగలుగుతున్నారు? నాకు కోపం వస్తుంది. (పరిశోధక విద్యార్థిని)

జవాబు: మీ కోపం న్యాయమైనది, దాన్ని నేను తగ్గించబోను. నేను ఇంత పొగిడిన ‘స్టేజ్‌కోచ్’లో దాడిచేసే అపాచీలకి ఒక్క మాట లేదు. ‘ది సెర్చర్స్’లో కొమాంచీ నాయకుడిగా వేసింది జర్మనీలో పుట్టిన హెన్రీ బ్రాండన్. చుట్టూ కొమాంచీలుగా కనిపించేవారు నవాహోలు. టెక్సాస్ అని చూపించిన మాన్యుమెంట్ వ్యాలీ కూడా యూటా, అరిజోనా సరిహద్దులోని నవాహోల నేల. 1964లో ‘షయెన్ ఆటమ్’ తీసి, ఇప్పటిదాకా నేను చంపినవాళ్ల వైపు కథ చెబుతున్నానన్నట్టు ఫోర్డ్ ప్రయత్నించారు. అందులోనూ ముఖ్యమైన షయెన్ పాత్రలు బయటి నటులకే దక్కాయి. 1990లో ‘డాన్సెస్ విత్ వుల్వ్స్’ వచ్చి, లకోటా మనుషులు లకోటా భాషలోనే మాట్లాడుకోవడం ప్రేక్షకులకి వినిపించింది. అయినా కథ మధ్యలో ఉన్నది తెల్ల సైనికుడే.

నల్లజాతి కౌబాయ్‌ల విషయంలోనూ ఇదే అన్యాయం. పశువుల మందలు తోలినవారిలో నలుగురిలో ఒకరు నల్లవారై ఉంటారని చరిత్రకారులు అంచనా వేస్తారు. పాత వెస్టర్న్‌లు చూస్తే ఆ ఊహే రాదు.

ఇది తెలిసీ చూస్తాను. ‘ది సెర్చర్స్’ నన్ను వదలకపోవడానికి ఒక కారణం, ఆ ద్వేషాన్ని కథానాయకుడి లోపలే పెట్టి మనకి చూపించడం. అతని చేత శవాల కళ్లు కాల్పించి, మనం అతని పక్షాన నిలబడగలమా అని అడగడం. ఈ కారణంతో ఆ సినిమా లోపాలు పోవు. మీరు చూడనంటే వాదించను.

ప్రశ్న: ఈ సినిమాల్లో ఆడవాళ్లకి కిటికీలోంచి తొంగిచూడటం తప్ప పనిలేదా? (గృహిణి)

జవాబు: ఎక్కువ సినిమాల్లో మీరన్నట్టే. మినహాయింపులు మాత్రం గట్టివి. ‘హై నూన్’లో హింసను నమ్మని క్వేకరు మతస్థురాలైన భార్యే చివర తుపాకీ తీసుకుని ఒకణ్ణి కాలుస్తుంది. 2010లో వచ్చిన ‘ట్రూ గ్రిట్’లో పద్నాలుగేళ్ల మ్యాటీ రాస్ గుర్రాల వ్యాపారితో బేరమాడే తీరు చూస్తే, సినిమాలో అంతటి ధైర్యం ఇంకెవరికీ లేదనిపిస్తుంది. మీకు నేను ప్రత్యేకంగా సూచించేది కెల్లీ రైకార్ట్ తీసిన ‘మీక్స్ కటాఫ్’. అదీ 2010దే. 1845లో ఆరెగాన్ దారిలో నీళ్లు దొరక్క తప్పిపోయిన మూడు కుటుంబాల కథ. మగవాళ్లు దూరంగా నిలబడి నిర్ణయాలు చేస్తుంటే, వాళ్ల మాటలు ఆడవాళ్లకి సగం సగం వినబడతాయి, మనకీ అంతే. ఒకచోట మిషెల్ విలియమ్స్ బండిలోంచి తుపాకీ తీసి గాలిలోకి పేలుస్తుంది. తర్వాత మందు పోసి, గుండు దూర్చి, కడ్డీతో కూరి, మళ్లీ పేలుస్తుంది. ఆ కాలపు తుపాకీకి నిజంగా అంతసేపు పట్టేది. ఒక్క సెకను కూడా కత్తిరించకుండా ఆ చేతుల పనిని చూపించారు. ఆ వ్యవధిలో ఆమె ఎంత ఒంటరిదో తెలుస్తుంది.

ప్రశ్న: ‘అన్‌ఫర్‌గివెన్’తో వెస్టర్న్‌ల కథ ముగిసిందంటారా? (ఒక నాటక కళాకారుడు)

జవాబు: ముగియలేదు, ఆ తర్వాతా మంచివి వచ్చాయి. కానీ 1992లో ఈస్ట్‌వుడ్ తన పాత సినిమాల లెక్క తేల్చాడన్నది నిజం. ఆ స్క్రిప్టు కొని ఏళ్ల తరబడి పక్కన పెట్టుకున్నాడు, పాత్రకి తగిన వయసు వచ్చేదాకా. పందులు మేపుకునే మాజీ హంతకుడు విల్ మనీ, పిస్టల్‌తో డబ్బాకి గురిపెడితే ఒక్కటీ తగలదు. విసిగి ఇంట్లోకి వెళ్లి పెద్ద తుపాకీ తెచ్చి డబ్బాను ఎగరగొడతాడు. గుర్రం ఎక్కబోతే ఎక్కనివ్వదు. మొదటిసారి మనిషిని చంపిన కుర్రవాడు చెట్టుకింద కూర్చుని సీసా ఎత్తి తాగుతూ ఏడుస్తాడు. చంపితే ఎలా ఉంటుందో వెస్టర్న్ ఇంత సూటిగా అంతకుముందు చెప్పలేదు. ఉత్తమ చిత్రం, దర్శకత్వం, సహాయనటుడు, ఎడిటింగ్ ఆస్కార్లు దీనికి వచ్చాయి. చివర తెరమీద ‘సెర్జియోకీ డాన్‌కీ’ అని అంకితం కనిపిస్తుంది. తనను తయారుచేసిన ఇద్దరు దర్శకులు, లియోనె, డాన్ సీగెల్.

ప్రశ్న: మా మనవడికి పన్నెండేళ్లు. కంప్యూటర్ ఆటల్లో తెగ కాల్చేస్తుంటాడు. వాడికి చూపించదగ్గ వెస్టర్న్ ఒకటి చెప్పండి. (ఒక అమ్మమ్మ)

జవాబు: ‘షేన్’ చూపించండమ్మా. 1953, దర్శకుడు జార్జ్ స్టీవెన్స్. వయోమింగ్‌లోని టీటన్ కొండల కింద, జోయీ అనే చిన్న కుర్రవాడి కళ్లతోనే కథ సాగుతుంది కనుక మీ మనవడు ఇట్టే కలిసిపోతాడు.

స్టీవెన్స్ రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం తరఫున కెమెరా పట్టినవాడు. డాకావ్ నిర్బంధ శిబిరం విముక్తమైనప్పుడు అక్కడి దృశ్యాలు చిత్రీకరించాడు. తిరిగొచ్చాక, తుపాకీ గుండు మనిషిని ఏం చేస్తుందో దాచకూడదని తీర్మానించుకున్నాడు. ‘షేన్’లో చాలాసేపు తుపాకీ పేలదు. జోయీకి షేన్ గురి చూపించే దృశ్యంలో మొదటిసారి పేలితే కుర్చీలో ఉలిక్కిపడతాం, ఆ మోతను అంత పెద్దగా పెట్టారు. తర్వాత టోరీ అనే రైతు బురదలో నిలబడి ఉంటాడు. పైన చెక్క అరుగుమీద హంతకుడి వేషంలో జాక్ పాలెన్స్ నల్ల చేతి తొడుగు నింపాదిగా తొడుక్కుంటాడు. టోరీ తుపాకీ తీస్తాడు, తీసి ఆగిపోతాడు. ఒక క్షణం గడిచాక పాలెన్స్ కాల్చిన దెబ్బకి వెనక్కి ఎగిరి బురదలో పడతాడు. నటుణ్ణి తీగతో వెనక్కి లాగి ఆ విసురు సాధించారు. అప్పటిదాకా వెస్టర్న్‌లలో గుండు తగిలినవాడు పొట్ట పట్టుకుని మెల్లగా ఒరిగేవాడు. ఆ రైతును పాతిపెట్టేటప్పుడు అతని కుక్క పెట్టెను కాలితో గీరుతుంది.

మీరు పక్కనే కూర్చుని చూడండి. టోరీ చనిపోయే చోట వాడు ఆపమంటే ఆపండి, ప్రశ్నలు అడిగితే సినిమా వదిలి జవాబు చెప్పండి. చివర షేన్ బతికాడా అని తప్పకుండా అడుగుతాడు. ఆ వాదన పెద్దవాళ్లలోనే తేలలేదు కనుక వాడి అభిప్రాయమే చెప్పమనండి. నచ్చితే తర్వాత ‘రియో బ్రావో’ పెట్టండి, నవ్వుతూ చూస్తాడు. ‘ది సెర్చర్స్’, ‘అన్‌ఫర్‌గివెన్’ మాత్రం ఇంకో నాలుగైదేళ్లు ఆగనివ్వండి. వాడేమన్నాడో నాకు రాసి పంపితే ఇదే శీర్షికలో వేస్తాను.